మూడో గదిలో నిమ్మకాయ

షెఫీల్డ్‌లో వాన పడని రోజు
గ్యాలరీకి ఎవరూ రారు.
పడిన రోజు వస్తారు,
బొమ్మల కోసం కాదు, హీటర్ కోసం.
మూడో గదిలో నా కుర్చీ.
ఆరేళ్ళుగా నేను కాపలా కాస్తున్నది
ఒక పుర్రెకి,
సగం ఒలిచిన నిమ్మకాయకి,
అప్పుడే ఆరిన కొవ్వొత్తి మీద
మూడువందల ఎనభై ఏళ్ళుగా లేస్తూనే ఉన్న పొగకి.

చేరిన కొత్తలో ఆ నిమ్మకాయను చూసి
ఎవరికో దిష్టి తీసి పెట్టారనుకున్నాను.
మేవిస్ పడీపడీ నవ్వింది.
డెబ్బై తొమ్మిదేళ్ళ వాలంటీరు,
పదిహేనో ఏట కత్తులకు మెరుగుపెట్టే కార్ఖానాలో చేరిన మనిషి.
బొమ్మలో ఆవిడ చూసేది కత్తినొక్కదాన్నే:
బల్ల అంచు దాటి
పిడి మనవైపు చాచిన కత్తి.
"తీసుకో అంటోంది కదూ," అనేది,
"తీసుకోలేవు. అదే వాడి తమాషా."

మొన్న మంగళవారం బడిపిల్లలు వచ్చారు.
ఒకమ్మాయి పేరు కేజియా,
టీచరు మూడుసార్లు కసిరితే తెలిసింది.
నల్ల టీషర్టు, దాని మీద టామ్సిన్ రూక్.
ట్రాము స్టాపుల్లో, బస్సుల వీపుల మీద,
నా కూతురి గది తలుపు మీద
ఏడాదిగా మమ్మల్ని చూస్తున్న పాటల పిల్ల.
ఒళ్ళో తళుకురాళ్ళు పొదిగిన పుర్రె,
జుట్టులో వడలిన తులిప్పులు,
పెదవుల మీద గులాబీరంగు బబుల్‌గమ్ బుడగ,
ఇంకో రవ్వంత ఊపిరికి
పేలేలా.

కేజియా బొమ్మ ముందు ఆగింది.
చొక్కా కిందికి లాగి చూసుకుంది.
మళ్ళీ బొమ్మ, మళ్ళీ చొక్కా.
"మిస్, వీడు టామ్సిన్‌ని కాపీ కొట్టాడు!"
గది గొల్లుమంది.
టీచరు తేదీ చెప్పబోయింది.
ఆరేళ్ళలో నా కంటపడనిది
ఆ పిల్ల వేలు పెట్టి చూపిస్తోంది:
పుర్రె వెనక చీకట్లో
సబ్బు బుడగ,
బుడగలో వంగిన కిటికీ,
కిటికీ ముందు గోరంత మనిషి,
చేతిలో కుంచె.
దూరం జరగమనడం నా ఉద్యోగం.
అనలేదు.

నీటి బుడగరా బతుకు అని
మా వైపు ఏక్‌తార మీటుతూ వచ్చినవాడికి
దోసెడు బియ్యం పోసి పంపేవాళ్ళం.
అదే మాట గీసినవాడికి ఇక్కడ
బంగారు చట్రం కట్టి, నన్ను కాపలా పెట్టారు.
ఈ పిల్లకైతే స్టేడియం,
టికెట్ డెబ్బై పౌన్లు.
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ
పుర్రెలన్నిటికీ ఒక్కటే బుద్ధిలా ఉంది,
ఎన్ని రాళ్ళు పొదిగినా.

సాయంత్రం హిల్స్‌బరో ట్రాము కోసం నిలబడితే
వానకి జిగురు నాని
టామ్సిన్ చెంప చుట్టచుట్టుకుని వేలాడుతోంది,
అచ్చం నిమ్మతొక్కలా.
కింద, నిరుటి గాయకుడెవడివో పళ్ళు.
వాడి కింద ఇంకెవరిదో నీలం కన్ను.
గోరుతో గీకబోయి మానుకున్నాను.
అలవాటు: బొమ్మలు ముట్టుకోకూడదు.

ఇంట్లో నా కూతురు ఫోను నాకు చూపిస్తూ,
కొవ్వొత్తి ఊదుతోంది టామ్సిన్.
పొగ.
మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఊదుతుంది.
"ఎన్నిసార్లు ఆరుతుందే?"
"లూపమ్మా అది. చార్జరేది? రెండు శాతమే ఉంది."

చారులోకి నిమ్మకాయ కోశాను
మేవిస్ కత్తితో.
మార్చిలో వాళ్ళమ్మాయి
న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చిచ్చింది.
పిడి దగ్గర, ఎవరి బొటనవేలికో
అరిగిన గుంట.
నా వేలు అందులో సరిగ్గా పట్టదు.
"అంచు మీద పెట్టావ్, పడుతుంది," అంది నా కూతురు,
ఫోన్లోంచి తలెత్తకుండానే.
ఈ ఊళ్ళో కత్తి ఊరికే పుచ్చుకోకూడదట.
ఒక్క పెన్నీ అయినా చేతిలో పెట్టాలట,
లేకపోతే స్నేహం తెగుతుందట.
ఆ రోజు నా పర్సులో
అన్నీ కార్డులే.