తూకం గుండు

పొదిలిలో మా గోడ
కిటికీ కిందిదాకా వచ్చి ఆగింది.
రెండు వానాకాలాలు తాగి
ఇటుకల సందులో తుమ్మ మొలకొకటి
నా మోకాలెత్తయింది.

ఏసోబు మేస్త్రీకి ఫోన్ చేస్తే
వెనక లిఫ్టు గరగర, గాలి హోరు.
"ముప్పై రెండో అంతస్తులో ఉండా ఖాదరన్నా,
ఈ స్లాబు పడంగానే వచ్చేస్తా."
పద్దెనిమిదో అంతస్తు నుంచీ ఇదే మాట.
ఇక్కడా మూసే, అక్కడా మూసే.
మా మూసి ఇసక ట్రాక్టర్ల లెక్కన కొని
పిల్లుల పాల్జేశాను.
ఆ మూసి ఒడ్డున అతను
మబ్బులకి గోడలు కడతన్నాడు.
అతని ఇల్లూ మా వెనక వీధిలోనే,
పునాది మీద వాళ్ళమ్మ మిరపకాయలు ఎండబోస్తది.

ఒరిస్సా కుర్రాళ్ళు నలుగురొచ్చారు.
మూడు రోజుల్లో మూడు వరసలు లేపి
నాలుగో రోజు పొద్దున్నే
చీమకుర్తి క్వారీ జీపెక్కారు.

కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నా:
మేస్త్రీ కూలి ఏడొందలు కొట్టేసి, పన్నెండొందలు.
నేను జాకెట్టుకి పది పెంచితే
ఎదుటి రెడీమేడ్ కొట్టు నిండుతుంది.
ఇంటి ఓనరు మాలకొండయ్య
"ఎందాకా వచ్చింది ఖాదరూ ఇల్లు?" అని
ప్రేమగానే అడిగి
అద్దె ఐదొందలు పెంచుతాడు.
ఊళ్ళో అందరి గోడలూ ఆగాయని
ఆయనకీ తెలుసు.

మొన్న మార్తమ్మ జాకెట్టు గుడ్డ తెచ్చింది.
ముప్పయ్యేళ్ళు మాలు మోసిన నెత్తి,
నడిమధ్యన జుట్టు లేదు.
కొలతలిచ్చినా కదల్లేదు.
"నీ గోడ నేను కడతా."
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
"తాపీ పట్టుకోనియ్యలేదు గానీ
చూడకుండా ఎవడాపాడు?"

నా దారం రీలు తీసుకుని
స్థలం దాకా నడిచింది.
చివర గుండు కట్టి గోడ పక్కన వదిలింది.
ఊగి, ఊగి,
దారం నిలిచేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
ఏసోబు కట్టిన మూల
అర అంగుళం బయటికుంది.

"పన్నెండొందలు," అంది
తుమ్మ మొలక పీకి అవతల పడేస్తూ.
ఆడమనిషివి కదా, ఎనిమిదొందలు
అని నోటిదాకా వచ్చింది.
దారం ఇంకా నిటారుగానే ఉంది.
ఇటుకలు తడపాలి కదాని
పైపు వెతకబోయాను.