పదుల ఇంటి బాకీ

రువీలో మా ఫ్లాటు మూడో అంతస్తు.
సాయంత్రం నాలుగున్నరకి
గుమ్మం బయట ఐదు జతల చెప్పులు.
అయిదు రెళ్ళు పది అని
లోపలికొస్తూనే లెక్కేస్తాడు జెఫన్యా.
ఎక్కం వాడికి కొత్త,
ఎక్కడో ఒకచోట వాడేయాలి.

ఏప్రిల్లో వీళ్ళ అంకెలు వందల్లోకి వచ్చాయి.
ఒకట్ల ఇల్లు, పదుల ఇల్లు, వందల ఇల్లు,
గీతలు గీసి తలుపులు పెట్టాం.
అగ్గిపుల్లలు పదేసి కట్టగట్టి
రబ్బరు బ్యాండు వేస్తుంటే
"పది మంది ఒకే రూములోనా?
నాన్న పాత క్యాంపులాగా" అంది ఆఫ్రీన్.
నేను నవ్వలేదు. సరిగ్గానే చెప్పింది.

పుస్తకంలో వంద పైసలు ఒక రూపాయి.
కింద బకాలాలో
వెయ్యి బైసలు ఒక రియాలు.
ఏది రాయాలాంటీ?
పరీక్షలో వంద, కొట్లో వెయ్యి.
రెండు నిజాలూ ఒకే జేబులో వేసుకుని
దిగి వెళ్ళి లబాన్ ప్యాకెట్లు తెచ్చుకున్నారు,
చిల్లరతో సహా.

జూన్ అంటే వానాకాలం అంటుంది సైన్సు పుస్తకం,
గొడుగు పట్టుకున్న కప్ప బొమ్మ వేసి.
మస్కట్‌లో జూన్ అంటే
కుళాయిలో చన్నీళ్ళు రాకపోవడం.
సెలవుల్లో ఒక మధ్యాహ్నం
బాల్కనీలో నిలబెట్టి చాక్‌పీసుతో నీడలు గీద్దామంటే
గీయడానికి నీడ ఏదీ?
భయపడ్డ పిల్లిలా పాదాల కిందికి దూరింది.
పిట్టగోడ మీద చిన్న ఐసు ముక్క పెట్టి
ఎంతసేపట్లో మాయమవుతుందో లెక్కపెట్టమన్నాను.
ఆరువందల పన్నెండు దగ్గర
"తడి కూడా పోయింది!" అని అరిచింది మౌక్తిక.
ఎక్కడికి పోయిందంటే
ఏసీ గొట్టం కింద బకెట్టు చూపించాను.
గాల్లో కలిసిందే గాల్లోంచి మళ్ళీ వస్తుంది, చుక్కచుక్కగా.
నమ్మలేదు.
నమ్మడానికి నాకూ చాలా ఏళ్ళే పట్టింది.

తీసివేతలు సెప్టెంబరులో.
యాభై రెండులోంచి ఇరవై ఏడు.
రెండులోంచి ఏడు పోదు కదా,
పక్కింటికెళ్ళి ఒక పది అప్పు తెచ్చుకో
అని నాకు నేర్పినట్టే నేర్పాను.
ఐదు కొట్టేసి నాలుగు వేశారు,
రెండు పక్కన ఒకటి ఇరికించి పన్నెండు చేశారు.
ఇరవై ఐదు. నలుగురిదీ సరే.
జెఫన్యా పెన్సిలు ఆగిపోయింది.

"తిరిగి ఎప్పుడిస్తామాంటీ?"
ఏంట్రా?
"పదుల ఇంటోళ్ళ పది."

ముప్పై ఏళ్ళుగా చేస్తున్న లెక్క.
ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.
వీసాకి తెచ్చిన బాకీ ఒకటి
రాయచోటిలో ఎవరికో నెలనెలా కడుతున్నామని
వాళ్ళమ్మ మెట్ల మీద ఒకసారి అంది,
కూరల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.
అంతకుమించి నాకు తెలీదు.
వాడికెంత తెలుసో అదీ తెలీదు.

లెక్కల్లో ఇవ్వక్కర్లేదు నాన్నా అన్నాను.
"మరి అప్పు అని ఎందుకన్నారు?"

ఆ రాత్రి గిన్నెలు తోముతున్నంతసేపూ
వాడి పది నా చేతుల్లోనే ఉంది.

మర్నాడు పుల్లల కట్ట తీసి
రబ్బరు బ్యాండు విప్పి చాప మీద పోశాను.
అప్పు కాదురా, ఆంటీ తప్పు చెప్పింది.
ఇది చిల్లర మార్చుకోవడం.
కట్ట విప్పితే పది పుల్లలు,
కడితే మళ్ళీ కట్ట.
యాభై రెండు ఇప్పటికీ యాభై రెండే.
వాడు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.
ఇంకోసారి లెక్కపెట్టాడు.
"అయితే ఎవరూ ఫోన్ చెయ్యరు కదా" అన్నాడు.

చెయ్యరు.

జనవరిలో ఒకరోజు వాన పడింది.
వాదీ పొంగి బడికి సెలవిచ్చారు,
అయినా నాలుగున్నరకి
ఐదు జతలూ తడిసి ముద్దై గుమ్మం ముందున్నాయి.
బాల్కనీలో బకెట్టు నిండుతోంది.
"మన ఐసు ముక్క!" అంది మౌక్తిక,
తప్పిపోయి దొరికినదాన్ని గుర్తుపట్టినట్టు.
ఆ వారం పాఠం కొలతలు.
లీటరు సీసాతో కొలిచాం,
ఒకరు ముంచడం, ఒకరు పోయడం, ముగ్గురు అరవడం.
తొమ్మిది లీటర్లూ, ఇంకొంచెం.
ఆ ఇంకొంచెం ఎలా రాయాలో
రెండో తరగతి పుస్తకంలో లేదు.
జెఫన్యా తొమ్మిది వేసి
పక్కన ఒక చుక్క గీసి,
దానికి నీలం రంగు వేశాడు.