పాత నూలుచీర

శుక్రవారం రాత్రి పాకాల బస్సులో
నేను ఊరి దిక్కుకు.
ఎదురొచ్చే బస్సులన్నీ కిక్కిరిసి
తిరుపతి గంగమ్మ జాతరకు పోతున్నాయి,
కిటికీల్లోంచి వేపమండలు బయటికి ఊగుతూ.

మామకు మొక్కుంది. అత్త తోడు పోయింది.
తాళం గూట్లో, తాళం కింద చీటీ:
"కుడితిలో ఉప్పెయ్.
మేకను లేతజొన్నలోకి వదలొద్దు, చస్తాది.
నల్లకోడి పొదిగింది, దాని జోలికి పోవద్దు.
బుజ్జమ్మ తన్నదు. తన్నిందంటే తప్పు నీదే."

బుజ్జమ్మ పుంగనూరు ఆవు.
మూపురంతో కలిపి నా నడుముకొస్తుంది.
నావి సెల్‌ఫోన్లు బాగుచేసే చేతులు.
ఆవగింజంత స్క్రూ తిప్పడం వచ్చు,
చన్ను పట్టడం రాదు.

శనివారం మొబ్బులోనే లేచి
చెంబు పట్టుకొని గొంతుకూర్చున్నా.
ఒక కంటితో చూసింది నన్ను,
రిపేరుకు ఎంతడుగుతాడోనని చూసే ఆసామిలా.
దూడ గుద్దీ గుద్దీ అలిసిపోయింది.
చేపలేదు.
వచ్చింది రెండు చుక్కలు,
అందులో ఒకటి నా చొక్కా మీద.

పగలంతా ఎండ.
తోపులో తోతాపురి కాయలు
ఫ్యాక్టరీ రేటు కోసం చెట్టుమీదే కాచుకొని ఉన్నాయి.
మేక నా కొత్త చెప్పు సగం నమిలి
బాగలేదని వదిలేసింది.
కుక్క పేరు కలెక్టరు.
నీళ్లతొట్టి పక్కన తడిమట్టి గోకి
పొట్ట ఆనించి పడుకున్నాడు.
సంగటిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాక
నాకూ అదే మేలనిపించింది.
తొట్టికి అటు కలెక్టరు, ఇటు నేను.
మోటారుకు కరెంటు ఎప్పుడిస్తారో
ఇద్దరికీ తెలియదు.

సాయంత్రం పక్కింటి దొరసానమ్మ
గోడ మీంచి చూసి ఒకటే నవ్వు.
"నీ చొక్కాకు చేపుతాదా నాయినా?
మీ అత్త చీర చుట్టుకో.
దానికి వాసన గావాలగానీ
మొగం ఎవురిదైతే ఏం?"

దండెం మీద పాత నూలుచీర.
పేడ, పొయ్యిపొగ, పసుపు, ఆముదం.
చిరిగిన అంచుకు పిన్నీసు.
లుంగీ మీదనే చుట్టుకొన్నా,
కొంగు ఎటునుంచి వస్తుందో తెలియక
మూడుసార్లు విప్పి కట్టుకొన్నా.
కలెక్టరు ఒకసారి మొరిగి,
దగ్గరికొచ్చి మూజూసి,
సరేలే అన్నట్టు పోయాడు.

బుజ్జమ్మ తల తిప్పింది.
మూతి కొంగులో దూర్చింది.
వెచ్చగా ఒక ఊపిరి నా మోచేతి మీద.
ఆ తర్వాత చెంబులో చప్పుడు,
మొదట సన్నగా, రేకు మీద చినుకు పడినట్టు,
పోనుపోను నురగలో మునిగి, బరువుగా.
నేను నోరు మెదపలేదు.
గొంతు వింటే మోసం బయటపడుతుందని.

అప్పుడే ఫోను మోగింది. వీడియో కాలు.
డప్పులు, పసుపునీళ్లు, తోసుకునే జనం,
నడుమ మా మామ.
పట్టుచీర, పూలజడ, కళ్లనిండా కాటుక,
ఇరవై ఏండ్ల మీసం గీసేసిన చోట
పిల్లోడి పెదవిలాంటి పెదవి, ఎర్రరంగుతో.
ఆయన నా చీర చూశాడు.
నేను ఆయన చీర చూశాను.
ఇద్దరికీ మాట రాలేదు.
మధ్యలోకి అత్త తొంగిచూసి
అడిగింది ఒక్కటే:
"చేపిందా?"

ఆదివారం పాలబండి మునిరత్నం
కొలత పోసుకుంటూ కిందా మీదా చూశాడు.
"ఏమన్నా, జాతర ఈడికే వొచ్చిండాదే!"
రసీదులో పేరు మాత్రం అత్తదే రాసిచ్చాడు.
దాన్ని పోపులడబ్బాలో పెట్టి,
చీర మడత కుదరక
ఎట్లుండిందో అట్లే దండెం మీద వేసి,
సగం చెప్పు ఈడ్చుకుంటూ బస్సెక్కాను.

సోమవారం షాపు తెరవకముందే
ఒక కుర్రోడు నిలబడున్నాడు.
జాతరలో ఫోను పసుపునీళ్లలో పడిందంట.
ఎంతసేపు పడుతుందన్నా, అన్నాడు.
వెనకమూత విప్పి, వాసన చూసి,
దాన్ని దీపం కింద పెట్టి
తొందరపెట్టకుండా
పక్కనే కూర్చున్నా.