ఇన్‌చార్జి

నా పేరు పక్కన ఆ మాట చేరి ఆరేళ్ళయింది.
బోర్డు మీద పెయింటరు దాన్ని చిన్నక్షరాల్లో రాశాడు,
రేపు చెరపడానికి వీలుగా ఉంటుందని.

హైస్కూలు తాళాలగుత్తి నా దగ్గరే.
పదిహేడు చెవులు, రెండింటికి తాళాల్లేవు.
బోరింగు బాగుచేయించాలంటే తీర్మానం,
సుద్దముక్కలకి ఇంకో తీర్మానం.
సెలవుచీటీ మీద సంతకం నాది,
మంజూరు ఇంకెవరిదో.

అమలాపురంలో మూడ్రోజులు నాయకత్వ శిక్షణ.
చార్టు మీద నిచ్చెన గీయించారు.
"మార్పుకి మీరే సారథులు" అన్నాడు కాకినాడ నుంచొచ్చిన కుర్రాడు.
మంచివాడే, చెమట తుడుచుకుంటూ చెప్పాడు.
లేచి అడిగాను:
బడిగంట ఎప్పుడు కొట్టాలో నేను చెప్పొచ్చాండీ?
రాసుకున్నాడు.

సంగతేంటంటే,
లంక పిల్లలు ముప్ఫై ఒక్కమంది.
వైనతేయ దాటించే పడవ ఒక్కటే, ఓలేటి పల్లయ్యది.
ముందు కొబ్బరికాయలు, పాలక్యాన్లు, తర్వాతే పిల్లలు.
రేవులో దిగేసరికి తొమ్మిదీ నలభై.
గంట తొమ్మిదింబావుకి.
తొమ్మిదిన్నరకి ఫోన్లో హాజరు మూసుకుపోతుంది.
ఏడాది పొడుగునా బురదకాళ్ళతో పరిగెత్తుకొచ్చి
ఏడాది పొడుగునా బడికి రానివాళ్ళు.
తొమ్మిదో తరగతి మెర్సీరజని అడిగింది:
"మేం రాలేదని రాశారు కదండీ,
మరి ఈ లెక్క ఎవరు చేసినట్టండీ?"

నాలుగు అర్జీలు పెట్టాను.
ఒకదానికి జవాబొచ్చింది: పరిశీలనలో ఉన్నది.

మా నాన్న ఇజ్రాయేలు లాకుల మీద లస్కరు.
తలుపులెత్తే చెయ్యి ఆయనది,
ఎత్తమనే కాగితం ధవళేశ్వరం నుంచి రావాలి.
శివారు చేలల్లో ఆకుమళ్ళు ఎర్రబడుతుంటే
రైతులొచ్చి గట్టు మీద కూర్చుని ఆయన్నే తిట్టేవారు.
ఒక రాత్రి రెండు పళ్ళు తిప్పాడు.
రెండంటే రెండే.
శివారుకి నీళ్ళకన్నా ముందు ఇంటికి మెమో చేరింది.
దాన్ని బైబిల్లో దాచుకున్నాడు,
కీర్తనల దగ్గర.

ఎర్రనీరొచ్చిన వారం, సోమవారం,
అటెండరు వీర్రాఘవులు గంట తాడు పట్టుకుని నావైపు చూశాడు.
ఆగమన్నాను.
లెక్కల మాస్టారు వాచీ చూసుకున్నారు, ఏమీ అనలేదు.
ఎవరూ ఏమీ అనకపోవడం కూడా ఒక తీర్మానమే.
హాజరు మాత్రం తొమ్మిదీ ఇరవై ఎనిమిదికే వేశాను,
పడవ ఇంకా నడినీళ్ళలో ఉండగా.
అబద్ధమా అంటే, ఏమో.
ఒక్కో తలా లెక్కపెట్టేదాకా
గొంతులో పచ్చి వెలక్కాయ.
ముప్ఫై ఒకటి.
అప్పుడు కొట్టించాను.
సాయంత్రం పాతిక నిముషాలు ఆలస్యంగా వదిలాం.

ఈ ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది.
పద్నాలుగో పేజీ, కింద నుంచి మూడో వాక్యం:
స్థానిక అవసరాన్ని బట్టి బడి వేళలను
ప్రధానోపాధ్యాయులు నిర్ణయించుకోవచ్చును.
"ఇన్‌చార్జులకి వర్తిస్తుందా?" అని ఎవరో గ్రూపులో అడిగారు.
ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

తొమ్మిదీ ముప్ఫై అయిదు.
వీర్రాఘవులు తాడు పట్టుకుని నిలబడ్డాడు.
ఇప్పుడతను నావైపు చూడ్డంలేదు,
రేవువైపు చూస్తున్నాడు.