చెక్కుబంది

రిజిస్ట్రారాఫీసు గోడ పక్కన, రేకుల నీడలో
ముప్పై ఒక్క ఏండ్లుగా హద్దులు రాస్తున్నా.
తూర్పున ఫలానా వాళ్ల చీనీతోట, పడమర బండ్లబాట,
ఉత్తరాన వంక,
దక్షిణాన తగాదా.

మొన్న కరెంటు పోయిన మధ్యాహ్నం
హుసేన్ పీరా వచ్చి బల్ల మీద ఫోను పెట్టినాడు.
రాయచోటి రోడ్డులో లారీలకు పేర్లు రాసే
మహబూబ్ పీరా కొడుకు.
"మామా, ఇదొక అగ్రిమెంటు. చదివి చెప్పు.
ఒప్పుకుంటున్నానని ఎప్పుడో నొక్కేసినా."

నలభై రెండు పేజీలు. సాక్షులు లేరు.
నొక్కిన వేలికి ముద్ర కూడా లేదు.

సంగతేమంటే,
ఎవరిదో పరదేశం కంపెనీ బస్సాట.
అందులో వీడు గువ్వలచెరువు ఘాటు కట్టినాడు.
పదకొండు నెలలు, అన్నీ రాత్రిళ్లే.
మలుపు మలుపూ నడిచి కొలుచుకొచ్చి
పగిలిన పిట్టగోడ పగిలినట్టే పెట్టి,
దిగువన పాలకోవా అంగళ్లు, ఈగలతో సహా.
లోడుతో ఎక్కలేక లారీ మూలిగే మూలుగు
వాళ్ల చిన్నాయన బండిదే.
తొంభై తొమ్మిది రూపాయలకు అమ్మినాడు.
రెండు వందల పదారు మంది కొన్నారు.
అప్పుడొచ్చింది నోటీసు.

అద్దాలు తుడుచుకొని చదివినా.
ఏడో పేజీ: కట్టుకోవచ్చు.
పంతొమ్మిది: ఊరికే పంచవచ్చు, అమ్మరాదు.
ఇరవైమూడు: నువ్వు కట్టినదాని మీద మాకు హక్కు,
శాశ్వతంగా, లోకమంతటా.
లోకమంతటా అనే హద్దు నేనెప్పుడూ రాయలేదు.
అట్లాంటి సర్వే నంబరు ఈ జిల్లాలో లేదు.

"కౌలు చేన్లో చెట్టు నాటినావు రా" అన్నా.
"చెట్టు వాళ్లదే గానీ మామా, గుంత తవ్విన కూలి?
పోనీ చందా అంటే? ఇష్టమున్నోళ్లు ఇస్తారు."
చందా మాట కాగితంలో యాడా లేదు.
కాగితం మాట్లాడని చోటే వకీళ్లు ఇండ్లు కట్టుకుంటారని
వానికి చెప్పలేదు.

ఇంకో తిరకాసు.
ఎవడో వీని ఘాటుకు పేరు చెరిపి
నలభై తొమ్మిదికే అమ్ముతున్నాడంట.
"వాని మీద కేసేద్దామా?"
"అమ్మకూడనిది అమ్మినోడివి
అమ్మినోని మీద ఏమని వేస్తావు?
అది సరే, బస్సు మీద గుర్తుందే, కార్పొరేషనోళ్లను అడిగినావా?
బోర్డు మీద పేరుందే, అంగడాయన్ను?"
"ఆ బోర్డు మా నాయన రాసిందే."
"రాసింది మీ నాయన. పేరు ఆయనది."

వాడు కొంచేపు గమ్మునుండి అడిగినాడు:
"మామా, నువ్వు రాసిన పత్రాల్లో నీవెన్ని?"

కరెంటొచ్చింది. ఫ్యాను గాలికి కాగితాలు లేచినాయి.
రాయి పెట్టినా.
ముప్పై ఒక్క ఏండ్లు. ఒక్కటీ లేదు.
అడుగున నా లైసెన్సు నంబరు, అంతే.

"మరి రాతకూలి తీసుకుంటావే."

ఎదురుమాట తోచలేదు.
టీ చెప్పినా.

కంపెనీకి అర్జీ పెట్టినాము. ఇంగ్లీషు వానిది.
అమ్మినందుకు క్షమాపణ, ఆపినట్టు హామీ,
మూడింట ఒక పాలు మీకు, అనుమతి ఇప్పించగలరు.
చెక్కుబంది మాత్రం నేనే చెప్పి రాయించినా:
ఉత్తరాన కడప, దక్షిణాన రాయచోటి,
ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.
వాడు నవ్వినాడు గానీ కొట్టేయలేదు.
జవాబింకా రాలేదు.

ఆదివారం పాలకోవా అంగడాయన వచ్చినాడు,
ఎవరి ఫోన్లోనో తన అంగడిని చూసుకొని.
దుడ్లడుగుతాడనుకున్నా.
"బోర్డులో దీర్ఘం ఎండకు ఎగిరిపోయిందయ్యా,
పాలకోవ అని ఉండాది.
ఆటలోనన్నా దిద్దమను పిల్లోన్ని."

నోటీసులో ఉన్నదున్నట్టు ఉంచవలెనని ఉంది.
దిద్దచ్చా, దిద్దకూడదా,
నలభై రెండు పేజీల్లో ఒక దీర్ఘం కోసం
వెతుకుతా ఉన్నా.