మూడో గడి

పదకొండేళ్ళు రాత్రి వార్డులో
బెల్లు మోగితే పరుగెత్తిన కాళ్ళు ఇవి.
బెల్లుకీ జవాబుకీ మధ్య
కాస్త కూర్చునే జాగా ఉంటుందని
వీటికెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నర్సింగ్ మాస్టర్స్ క్లాసు.
సెయింట్ జాన్స్ రేవు మీది పొగమంచు
కిటికీకి చెవి ఆనించి వింటోంది.
ఆరుగురం, ఒక బల్ల, ఒక కాగితం:
"హెడ్లీ, అరవై ఎనిమిదేళ్ళు, చేపలు పడతాడు.
షుగరు. పాదం మీద మానని పుండు.
వేసిన కట్టు రోజూ పొద్దున్నే విప్పేస్తాడు."
అంతే.
తక్కిన పేజీలు ఫిలొమీనా మేడం సంచిలో.

ఆవిడ పాఠం చెప్పదు.
అడిగితే, అడిగిన ప్రశ్ననే
కాస్త దులిపి మన చేతికిస్తుంది.
మొదటి వారం నాకు ఒళ్ళు మండింది:
ఇంత ఫీజు కట్టింది
ఒకరి మొహాలొకరం చూసుకోవడానికా?

బోర్డు మీద మూడు గడులు.
తెలిసినవి. అనుకుంటున్నవి. వెతకాల్సినవి.
లియాండర్ రక్తనాళాలంటాడు,
బ్రైడ్ ఇన్సులిన్ అంటుంది,
డోర్కస్ ఏమీ అనదు, పెన్ను మూత కొరుకుతుంది.
నేను లేచి వెళ్ళి మొదటి గడిలో
పెద్ద అక్షరాలతో రాశాను:
మాట వినడు.
ఎవరూ కాదనలేదు. నా పదకొండేళ్ళకి మర్యాద.

మూడో వారం, మూడో పేజీ.
కట్టు ఉంటే బూటు ఎక్కదు.
బూటు లేనిదే ఆయన పడవెక్కలేడు.
రెండే లైన్లు.

డోర్కస్ నోట్లోంచి మూత తీసి
"మా నాన్నా అంతే" అంది.
రేవులో ఏదో ఓడ కూసింది, చాలాసేపు.
నెత్తురు లెక్కలన్నీ అడిగినవాళ్ళం
బూటు సైజు అడగలేదు.

నా రాతని వేలితో తుడవబోయాను.
మూడు వారాల ఇంకు. సగమే వచ్చింది,
ఆ సగమూ నా వేలికి.

వెతకాల్సినవి పంచుకున్నాం.
నాళాలు లియాండర్‌కి, చక్కెర బ్రైడ్‌కి,
బూట్లు ఎలాగూ డోర్కస్‌వే.
మూడో గడిలో అడుగున నా వంతు నేనే రాసుకున్నాను:
ఆ రెండు మాటలూ
ఇన్నేళ్ళలో ఎన్ని కేస్‌షీట్ల మీద పెట్టాను?
ఏ లైబ్రరీకి వెళ్ళాలి దీనికి?
మేడం చదివింది.
అవుననలేదు. సంచి మూసింది.

ఆ రాత్రి ఆరో నంబరు మంచం కింద
ఒక జత బూట్లు,
కుట్ల వెంట ఉప్పు తెల్లగా పేరుకుని.
బెల్లు మోగలేదు.
కుర్చీ లాక్కున్నాను.