వీరు తప్ప

పుంటా అరెనాస్ గాలికి
రేకుల కప్పు రాత్రంతా పళ్లు కొరుకుతోంది.
ఫార్మసీ డ్యూటీ దిగొచ్చి, బూట్లయినా విప్పకుండా
యాస్నా ఫోన్‌లో తలుపులు వేసుకుంటోంది.

పుట్టినరోజు: నాకు మాత్రమే.
ఊరు: నాకు మాత్రమే.
పాప బడి గేటు ముందు దిగిన ఫోటో...
వేలు ఆగింది, తీసేసింది.

అతన్ని బ్లాక్ చేసి ఏడాది.
అయినా నిన్న, తెలియని నంబరు నుంచి:
"పాపకి ఆకుపచ్చ స్వెటర్ బాగా కుదిరింది."

నాలుగు వందల పన్నెండు మంది స్నేహితులు.
ఎవరి కిటికీలోంచి చూశాడు?

ఆ ఫోటో కింద మొదటి గుండె గుర్తు
ఎప్పట్లాగే వింకా గారిది.
అతని తల్లి.
గుండె నొక్కడం మనవరాలే నేర్పింది.
ఆమె ఫోన్ వంటింటి బల్ల మీదే పడుంటుంది,
తాళం లేకుండా.
స్వెటర్ అల్లిందీ ఆమే.

"స్నేహితులందరూ, వీరు తప్ప."
ఖాళీ గడిలో మూడో అక్షరానికే
ముసలామె మొహం వచ్చేసింది,
ఉన్ని సంతలో, నవ్వుతూ, కళ్లు మూసుకుని.
సేవ్.

పొద్దున షాపులో ప్రింటర్‌లోంచి
వెచ్చగా వచ్చిన స్వెటర్ ఫోటోని
కవర్లో పెట్టి చిరునామా రాసింది.
పంపినవారు అన్నచోట
పెన్ను ఆనించి,
ఎత్తేసింది.